మాట రాని చోట పియానో: మీ ఉత్తరాలకి జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో నిద్ర పట్టకపోవడం గురించి రాస్తూ మధ్యలో ఒక మాట అన్నా, నేనైతే లైటార్పేశాక కాసేపు వెస్టర్న్ క్లాసికల్ పియానో వింటా అని. ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెయిల్సూ సగానికి సగం దాని గురించే. కొందరు మేమూ వింటాం అని సంతోషంగా రాశారు, కొందరు అసలు అందులో ఏముందండీ అని అడిగారు, ఒకరిద్దరు కోప్పడ్డారు కూడా. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. నేను సంగీతం టీచర్ని కాదు, స్టాఫ్ నొటేషన్, అంటే వాళ్లు స్వరాలు రాసుకునే పద్ధతి, చదవడం కూడా రాదు. చాలా ఏళ్లుగా వింటున్నా, దాని గురించి దొరికింది చదువుతున్నా, ఆ చనువుతోనే ఈ జవాబులు.

ప్రశ్న: అక్కా నమస్తే. మా అమ్మ పోయి నాలుగు నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "మంచాన పడకుండా పోయింది, అదృష్టవంతురాలు" అంటారు. నిజమే కానీ ఆ మాట విన్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది. అమ్మకి రేడియో అంటే ప్రాణం, అందుకే ఇప్పుడు పాత పాట ఏది పెట్టినా రెండో లైన్‌కే ఏడుపొచ్చేస్తోంది. మొన్న రాత్రి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఏదో పియానో పెట్టుకుని చదువుకుంటుంటే గుమ్మం దగ్గర కూర్చుని గంటసేపు విన్నా. ఇన్ని నెలల్లో మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చుకున్నట్టనిపించింది. నాకు ఆ సంగీతంలో ఓనమాలు తెలీవు. మన పాటలు ఏడిపిస్తుంటే ఎవరిదో సంగీతం ఊరటనివ్వడమేంటి, అమ్మని మర్చిపోతున్నానా అని భయమేస్తోంది.
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆ భయం తీసెయ్ చెల్లీ. అమ్మని మర్చిపోతున్న మనిషైతే ఇంత ఉత్తరం రాయదు.

నీకొక సంగతి చెప్తా, ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా కళ్లు చెమరుస్తాయి. వియన్నాలో డొరొతియా ఫాన్ ఎర్ట్‌మన్ అని ఒకావిడ ఉండేది, పియానో చాలా బాగా వాయించేది, బీథోవెన్ అనే సంగీతకర్త దగ్గర నేర్చుకుంది, ఆయనకి ఆమె వాయింపు మీద ఎంత గౌరవమంటే తర్వాత ఒక సొనాటానే, అంటే కొన్ని భాగాలున్న పెద్ద రచననే, ఆమెకి అంకితమిచ్చాడు. ఆవిడ తన బిడ్డని పోగొట్టుకుంది. బీథోవెన్ మొదట్లో ఆ ఇంటికి పరామర్శకి వెళ్లలేకపోయాడట, ఏం మాట్లాడాలో తెలీకో ఏమో. కొన్నాళ్లకి ఆమెనే తన ఇంటికి రమ్మని, ఆమె రాగానే పియానో ముందు కూర్చుని, ఇక మనం స్వరాల్లో మాట్లాడుకుందాం అని మాత్రం అని, గంటకి పైగా ఆపకుండా వాయించాడట. చెప్పాల్సిందంతా చెప్పేశాడు, చివరికి నాకు ఓదార్పు కూడా దొరికింది అని ఆవిడ ఎన్నో ఏళ్ల తర్వాత 1831లో, మిలాన్‌లో, మెండెల్‌సన్ అనే ఇంకో సంగీతకారుడికి చెప్తే ఆయన ఇంటికి రాసిన ఉత్తరంలో పెట్టాడు, అలా మనదాకా వచ్చింది.

చూడు, ఆయన ఆమెతో అదృష్టవంతురాలివి అనలేదు, కాలమే మాన్పుతుంది అనలేదు, ఏడవద్దనీ అనలేదు. మన పరామర్శల్లో వచ్చిన చిక్కంతా అక్కడే అనిపిస్తుంది నాకు. వచ్చినవాళ్లు మంచివాళ్లే, ప్రేమతోనే వస్తారు, కానీ ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటారు, ఆ అన్నదానికి మనం తలూపాలి, తలూపినందుకు లోపల ఇంకొంచెం అలసిపోతాం. పియానోకి మాటల్లేవు కాబట్టి నువ్వు తలూపక్కర్లేదు. నీ దుఃఖం ఏ సైజులో ఉంటే ఆ సైజులోనే పక్కన కూర్చుంటుంది.

పాత పాటల సంగతంటావా, వాటి నిండా అమ్మ ఉంది కదా. ఆ పాట వచ్చినప్పుడు రేడియో ఏ గూట్లో ఉండేదో, అమ్మ ఏ చీర కట్టుకుని ఏం తరుగుతుండేదో అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, నాలుగు నెలల పచ్చి గాయం మీద అంత బరువు ఎవరు మోస్తారు. మీ అబ్బాయి పెట్టిన సంగీతంలో ఆ జ్ఞాపకాలేమీ లేవు, ఖాళీ గది లాంటిది, అందుకే అందులో నీకు ఊపిరాడింది. ఆ పాటలు ఎక్కడికీ పోవు చెల్లీ. ఒకరోజు నువ్వే వెతుక్కుని పెట్టుకుంటావు, తొందరేం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది పియానో తయారీలోనే ఉంది. 1700 ప్రాంతంలో ఇటలీలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్తొఫోరి అనే వాయిద్యాల పనివాడు దీన్ని తయారుచేశాడు. నువ్వు మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి తీగని కొట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది, తీగ మోగుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. కానీ ఒకసారి కొట్టాక ఆ స్వరాన్ని ఇంక ఎవరూ ఏమీ చేయలేరు. వీణ మీదైతే తీగని లాగి స్వరాన్ని ఊపొచ్చు, వయొలిన్ మీదైతే కమాను నడిచినంతసేపు సాగదీయొచ్చు, పియానో మీద కొట్టిన క్షణం నుంచీ ఆ స్వరం తగ్గడం మొదలుపెడుతుంది. కావాలంటే పెడల్ తొక్కి ఇంకాసేపు మోగనివ్వొచ్చు, తగ్గిపోకుండా మాత్రం ఆపలేరు. పియానో మీద పాట అంటే పోతున్న స్వరాల వరసే, ఒకటి సన్నబడుతుండగా దాని చివర పట్టుకుని ఇంకొకటి వస్తుంది. ఎవర్నైనా పోగొట్టుకున్నవాళ్లకి ఇది చెవికి కాకుండా ఇంకెక్కడో తగులుతుందని నా నమ్మకం.

అలాగే ఆ కుడి పెడల్ తొక్కితే తీగల మీద అద్దిన మెత్తలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, అప్పుడు ఒక తీగని కొడితే దాంతో శ్రుతి కలిసిన తీగలన్నీ ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా పలుకుతాయి. గది నిండినట్టుండే ఆ శబ్దం అదే.

నీకు ఒక్కటే చెప్తా, బాఖ్ అనే సంగీతకర్త రాసిన 'సి మేజర్' ప్రిల్యూడ్, ప్రిల్యూడ్ అంటే ఒక చిన్న ముక్క, 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే పుస్తకం మొదటి భాగంలో మొదటిది. దాంట్లో పాడుకోవడానికి ట్యూన్ అంటూ పెద్దగా ఉండదు, మెట్లెక్కినట్టు అదే వరస పైకి వెళ్తుంది, అదే వరస మళ్లీ ఒకసారి, తర్వాత కొంచెం మారుతుంది, మళ్లీ రెండుసార్లు, ఇలా చివరిదాకా, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. బాఖ్ పదేళ్లకే అమ్మానాన్నల్ని ఇద్దర్నీ పోగొట్టుకున్నాడు. 1720లో తాను కొలువు చేస్తున్న ప్రభువుతో కలిసి వేరే ఊరెళ్లి తిరిగొచ్చేసరికి ఇంట్లో భార్య లేదు, చనిపోయి ఖననం కూడా అయిపోయింది. ఇరవై మంది పిల్లల్లో పదిమందే పెద్దవాళ్లయ్యారు. ఈ ప్రిల్యూడ్ ఉన్న పుస్తకం మీద తేదీ 1722. ఆ దుఃఖమే ఇందులో ఉందని నేను చెప్పను, అలా అని ఆయన ఎక్కడా రాయలేదు. కానీ విన్నప్పుడు ఆ ఇంటినుంచే వచ్చింది ఇది అని గుర్తుకొస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను వరంగల్‌లో బీటెక్ ఫైనలియర్. ప్లేస్‌మెంట్స్‌లో వరసగా అన్నీ రిజెక్టే, దానికి తోడు నాలుగేళ్ల రిలేషన్‌షిప్ కూడా పోయింది. మూడు వారాలుగా రాత్రి మూడింటిదాకా మేలుకుని 'మూన్‌లైట్ సొనాటా' లూప్‌లో పెట్టుకుంటున్నా. వింటున్నంతసేపు బాగుంటుంది, ఆపగానే మళ్లీ అదే. మా రూమ్మేట్ ఏమో ఏడుపు మ్యూజిక్ వింటే ఇంకా మునిగిపోతావ్ రా అంటున్నాడు. ఆపెయ్యాలా?
— ఒక స్టూడెంట్

జవాబు: ఆపక్కర్లేదు తమ్ముడూ, కానీ సగంలో ఆగిపోతున్నావేమో చూసుకో. లూప్ అంటున్నావంటే నువ్వు వింటున్నది దాదాపు ఖాయంగా మొదటి భాగమే, నెమ్మదిగా మూడు మూడు స్వరాలుగా కదిలేది. ఆ సొనాటాలో మూడు భాగాలున్నాయి. రెండోది చిన్నది, తేలిగ్గా ఉంటుంది. మూడోది తుఫాను, కింద నుంచి పైకి అలల్లా లేచి పైన రెండు దెబ్బలు కొట్టి మళ్లీ కింద నుంచి మొదలవుతుంది. బీథోవెన్ దుఃఖాన్ని మాత్రమే రాసి వదిలెయ్యలేదు, దాని వెనకాల వచ్చే కోపాన్ని కూడా రాశాడు, నువ్వు ఆయన్ని మొదటి ఐదారు నిమిషాల దగ్గరే ఆపేసి వెనక్కి తిప్పుతున్నావు. పైగా 'మూన్‌లైట్' అని ఆయన పెట్టలేదు, ఆయన పోయాక ఒక విమర్శకుడి మాట నుంచి అంటుకున్న పేరది. వెన్నెల, సరస్సు అన్నీ పక్కనపెట్టి ఒక్కసారి మూడు భాగాలూ వరసగా, కూర్చుని విను, పడుకుని కాదు.

అది రాసింది 1801లో. అప్పటికే ఆయనకి వినపడటం తగ్గిపోతోంది. మరుసటి ఏడు, 1802 అక్టోబర్‌లో, హైలిగెన్‌స్టాట్ అనే ఊళ్లో తమ్ముళ్లకి ఒక ఉత్తరం రాశాడు, పక్కనున్నవాడికి దూరంగా పిల్లనగ్రోవి వినపడుతుంటే తనకి వినపడకపోవడం ఎంత అవమానంగా ఉందో, ప్రాణం తీసుకోవడానికి ఎంత దగ్గరగా వెళ్లాడో, తనలో ఉన్న సంగీతమంతా బయటికి తేకుండా వెళ్లడం కుదరదని ఎలా ఆగాడో అన్నీ రాసి, పంపించలేదు. 1827లో పోయాక ఆయన కాగితాల్లో దొరికింది.

మీ రూమ్మేట్ మాట పూర్తిగా తప్పు కాదు. బాధలో ఉన్నప్పుడు బాధగా ఉండే సంగీతం వింటే మనల్ని ఎవరో అర్థం చేసుకున్నట్టుంటుంది, అది మంచిదే, నేనూ అలాగే వింటా. కానీ విని లేచాక కాస్త తేలికపడి నిద్రపోతున్నావా, లేక ఆ బాధలోనే ఉండిపోవడానికి దాన్ని వాడుకుంటున్నావా అన్నది నీకే తెలుస్తుంది. మూడు వారాలు, రాత్రి మూడింటిదాకా, అన్నావు చూడు, అక్కడ నా చెయ్యి ఆగింది.

అందుకే రాఖ్మానినొవ్ అనే సంగీతకర్త సంగతి చెప్పాలి నీకు. రష్యాలో ఆయన మొదటి సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా మొత్తం వాయించే పెద్ద రచన, 1897లో వేదికెక్కి ఘోరంగా ఫెయిలైంది, పత్రికలు చీల్చి చెండాడాయి, అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు, దాదాపు నీ వయసే. ఆ తర్వాత ఇంచుమించు మూడేళ్లు కొత్తగా పెద్దది ఏదీ రాయలేకపోయాడు. 1900లో నికొలాయ్ డాల్ అనే డాక్టర్ దగ్గరికి రోజూ వెళ్లాడు, ఆయన కూర్చోబెట్టి మాట్లాడుతూ, హిప్నాసిస్ చేస్తూ, నువ్వు మళ్లీ రాస్తావు అని నమ్మకం నింపాడు. దాని తర్వాత వచ్చిందే రెండో పియానో కన్సర్టో, పియానో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేది. మొదట్లో పియానో ఒక్కటే, దూరం నుంచి గుడిగంటలు దగ్గరకొస్తున్నట్టు మెల్లగా మొదలై పెరిగి పెరిగి ఆర్కెస్ట్రా మీద పడుతుంది. దాన్ని ఆయన అంకితమిచ్చింది ఏ ప్రభువుకో కాదు, ఆ డాక్టర్‌కే.

అంత సంగీతం లోపలున్న మనిషికే ఒక డాక్టర్ కావాల్సొచ్చింది తమ్ముడూ, నువ్వు వెళ్తే అందులో చిన్నతనమేం లేదు. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఏ టైంలోనైనా చెయ్యొచ్చు. ఇవాళే చెయ్యి. ఫోన్ చేసేటప్పుడు రూమ్మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకో, ఆ అబ్బాయి నిన్ను చూసుకుంటున్నాడు. తర్వాత నాకు రాయి, పేరు వేయను.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి, వీణ కొంత సాధన చేసినవాణ్ణి. గమకం లేని స్వరం స్వరమే కాదంటాను. ఆ పియానో మీద రిషభం రిషభంలా నిలబడే ఉంటుంది, కదలదు, మెదలదు. త్యాగరాజస్వామి తెలుగులో అంత ఓదార్పు పోసి పెట్టిపోతే మనవాళ్లు పోయి పోయి ఆ పెట్టె ముందు కూర్చోవడం నాకు మనసుకి కష్టంగా ఉంది.
— తెనాలి నుంచి ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, మీ కష్టం నాకు అర్థమైంది, గమకం గురించి మీరన్నది అక్షరాలా నిజం. పియానోకి సప్తకంలో పన్నెండు స్థానాలు, ఒక్కోదాని మధ్య సమానమైన దూరం, అటూ ఇటూ జరగదు. మన రాగాన్ని దాని మీద వాయిస్తే ఎముకలు కనపడతాయి తప్ప ప్రాణం కనపడదు. కానీ ఆ వాయిద్యాన్ని మన రాగం కోసం చేయలేదు కదండీ. మనం ఒక్క స్వరంలోకి దిగి దాని లోతు చూస్తాం. వాళ్లు మూడు నాలుగు స్వరాల్ని ఒకేసారి పలికించి వాటి మధ్య బంధుత్వం చూస్తారు, ఒకదానికొకటి పడనప్పుడు ఎలా ఉంటుంది, అందులో ఒక్కటి అర మెట్టు దిగగానే ఎలా సర్దుకుంటుంది అని. ఆ సర్దుకోవడంలోనే వాళ్ల సంగీతానికున్న ఓదార్పంతా ఉంది. షొపాన్ అనే సంగీతకర్త రాసిన 'E మైనర్' ప్రిల్యూడ్, నాలుగో నంబరుది, రెండు నిమిషాలే, వినండి ఒకసారి. పైన కుడిచెయ్యి దాదాపు కదలదు, కింద ఎడమచేతిలో స్వరాల గుంపు ఒక్కో స్వరం చొప్పున జారుతూ పోతుంది, సాయంత్రం వెలుగు తగ్గినట్టు. ఆయన అంత్యక్రియల్లో, 1849లో, పారిస్‌లో ఇది కూడా వాయించారు.

త్యాగరాజస్వామి పుట్టింది 1767, బీథోవెన్ 1770. తిరువయ్యారులో ఈయన పాడుకుంటున్న రోజుల్లోనే వియన్నాలో ఆయన వాయిస్తున్నాడు, ఒకరి పేరు ఒకరు వినే దారి కూడా లేదు. ఇళయరాజాగారు 1986లో తెచ్చిన వాద్యసంగీతం ఆల్బమ్‌ని త్యాగరాజస్వామికీ బాఖ్‌కీ ఇద్దరికీ కలిపి అంకితమిచ్చారు. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పెట్టి పంపిన బంగారు పూత రికార్డులో కేసర్‌బాయి కేర్కర్ గారి భైరవి ఉంది, గ్లెన్ గూల్డ్ పియానో మీద వాయించిన బాఖ్ ఉంది. నేను పొద్దున్న వీణ వింటా, రాత్రి పియానో వింటా, రెంటికీ నా దగ్గర చోటుంది మాస్టారూ. మీ సాధన మానలేదని అనుకుంటున్నా.

ప్రశ్న: హాయ్ అండి, డాలస్ నుంచి. ఆన్‌కాల్ ఉద్యోగం, ఇండియా టీమ్‌తో రాత్రి కాల్స్, నిద్ర మొత్తం పాడైపోయింది. యూట్యూబ్‌లో ఎనిమిది గంటల 'స్లీప్ పియానో' వీడియోలు పెట్టుకుంటే మధ్యలో యాడ్ వచ్చి ఉలిక్కిపడి లేస్తున్నా. నిజంగా నిద్ర కోసం రాసిన క్లాసికల్ పియానో ఏమైనా ఉందా?

జవాబు: నిద్ర అనగానే అందరూ చెప్పేది బాఖ్ 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్', 1741లో అచ్చయింది. నిద్ర పట్టని ఒక ప్రభువు ఉండేవాడనీ, రాత్రుళ్లు పక్క గదిలో వాయించడానికి గోల్డ్‌బెర్గ్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాడనీ, అతని కోసం బాఖ్ ఇది రాశాడనీ కథ. బాఖ్ పోయిన యాభై ఏళ్లకి, 1802లో ఆయన జీవితచరిత్ర రాసినాయన చెప్పిన కథ ఇది, పరిశోధకులు పెద్దగా నమ్మరు, అచ్చు పుస్తకం మీద ఏ ప్రభువుకీ అంకితం లేదు, పైగా గోల్డ్‌బెర్గ్‌కి అప్పటికి పద్నాలుగేళ్లే. నిద్ర కోసమైతే మొత్తం పెట్టుకోవద్దు. ముందొక నెమ్మదైన ఆరియా, అంటే పాట, తర్వాత దాని మీద రకరకాలుగా అల్లిన ముప్పై వేరియేషన్లు, చివర మళ్లీ అదే ఆరియా. మధ్యలో కొన్ని పరుగులు పెడతాయి, నిద్రపోతున్నవాణ్ణి లేపి కూర్చోబెడతాయి. ఆరియా ఒక్కటి చాలు. గ్లెన్ గూల్డ్ దీన్ని 1955లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకసారి ముప్పై ఎనిమిది నిమిషాల్లో, 1981లో ఇంకోసారి యాభై ఒక్క నిమిషాల్లో రికార్డు చేశాడు, ఆ మరుసటేడే యాభై ఏళ్లకే పోయాడు. మీరు 1981ది వినండి, వెనకాల ఆయన కూనిరాగం సన్నగా వినపడుతుంది, కొందరికి అది చిరాకు, నాకైతే గదిలో ఇంకో మనిషి ఉన్నట్టు ధైర్యంగా ఉంటుంది.

కానీ మీరడిగినదానికి అసలు జవాబు షొపాన్ 'బెర్‌సూజ్', 1844లో రాశాడు. ఆ మాటకి అర్థమే జోలపాట. ఎడమచెయ్యి మొదటి నుంచి దాదాపు చివరిదాకా ఒకే చిన్న వరసని అలా ఊపుతూనే ఉంటుంది, అచ్చంగా చీర ఉయ్యాలే, కుడిచెయ్యి దాని మీద ఒక చిన్న పాట మొదలుపెట్టి తీగలు తీగలుగా అల్లుకుపోయి మళ్లీ మొదటి పాటకొచ్చి ఆగుతుంది. నాలుగైదు నిమిషాలు. యాడ్స్ గొడవ లేకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సౌండ్ బాగా తగ్గించి, ఫోన్ బోర్లా పెట్టెయ్యండి. నెలల తరబడి నిద్ర లేదంటే మాత్రం అది సంగీతంతో అయ్యే పని కాదు, షిఫ్ట్ గురించి మేనేజర్‌తోనూ, నిద్ర గురించి డాక్టర్‌తోనూ మాట్లాడాల్సిందే.

ప్రశ్న: పియానో అంటే కోట్లున్నవాళ్ల హాల్లో అలంకారానికి పెట్టుకునే వస్తువు. ఆ సంగీతం కూడా సూట్లేసుకున్నవాళ్ల కోసమే. మాలాంటి వాళ్ల కష్టాలకి అది ఓదార్పంటే నవ్వొస్తోంది.
— ఖమ్మం జిల్లా నుంచి ఒక ఆర్టీసీ ఉద్యోగి

జవాబు: అన్నా, పియానో ఖరీదైనదే, ఒప్పుకుంటా. సంగీతం ఎవరిదో మాత్రం లండన్ వాళ్లు ఆరున్నరేళ్లు చూపించారు.

1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలవగానే బాంబుల భయంతో హాళ్లన్నీ మూసేశారు, రాత్రిళ్లు ఊరంతా చీకటి. నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ గోడల మీద నుంచి తీసేసి దూరంగా దాచిపెట్టారు, అంత పెద్ద భవనం ఖాళీ. మైరా హెస్ అని అప్పటికే పేరున్న పియానిస్ట్, గ్యాలరీ డైరెక్టర్ దగ్గరికెళ్లి ఇక్కడ మధ్యాహ్నం భోజనం టైంలో కచేరీలు పెడదాం అంది. టికెట్ ఒక షిల్లింగ్, ఎవరైనా రావచ్చు. అక్టోబర్ 10న మొదటి రోజు ఏ నలభై యాభై మందో స్నేహితులొస్తారులే అనుకుని కూర్చుంటే దాదాపు వెయ్యిమంది వచ్చారు, బయట క్యూలు. ఆఫీసు గుమాస్తాలు, నర్సులు, సెలవు మీదొచ్చిన సైనికులు, కుర్చీలు చాలక నేల మీద కూర్చుని విన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, 1946 ఏప్రిల్ వరకూ సాగింది, భవనం మీద బాంబు పడ్డా గది మార్చుకున్నారు గానీ మానలేదు. మొత్తం దాదాపు 1,700 కచేరీలు. వాళ్లు విన్నది ఎవర్నో చూడండి, బాఖ్, బీథోవెన్, షూబర్ట్, అందరూ జర్మన్ మాట్లాడేవాళ్లే, పైన బాంబులేస్తున్న వాళ్ల భాష. ఆ మాట పట్టుకుని ఎవరూ మానెయ్యలేదు.

మీరు డ్యూటీ దిగి ఇంటికెళ్లేటప్పుడు మైరా హెస్ వాయించిన ఒక బాఖ్ ముక్క వినండి, చర్చిలో పాడే పాటని ఆవిడే పియానోకి మార్చుకుంది, 'జీసు జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్' అని వెతికితే ఫోన్‌లో దొరుకుతుంది. దానికి సూటూ అక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు. విన్నాక కూడా నవ్వొస్తే అదీ రాయండి, వేస్తాను.

ప్రశ్న: మేడమ్, ఈ పేర్లూ నంబర్లూ చూస్తేనే భయం, ఓపస్ అంటే ఏంటి? మీకు ఇది ఎక్కడ అలవాటైంది? మొదటిసారి వినేవాళ్లం ఎక్కడ మొదలుపెట్టాలి?
— ముగ్గురు నలుగురు అడిగింది కలిపి వేస్తున్నా

జవాబు: ఓపస్ అంటే రచన, అంతే, అచ్చుకి వెళ్లిన వరసలో వేసే నంబరు, ఇంటి నంబరు లాంటిది. గుర్తుపెట్టుకోక్కర్లేదు, వెతుక్కోవడానికి పనికొస్తుంది. ఇంక అలవాటు సంగతి.

2009లో నాన్నని గుంటూరులో ఒక హాస్పిటల్లో చేర్చాం, గుండె. ఐసీయూ బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, రాత్రంతా అక్కడే. అమ్మకి బీపీ, ఇంటికి పంపేశాం. నాకు ఏడవడానికి కూడా ధైర్యం లేదు, నేను ఏడిస్తే లోపల ఏదో జరిగిపోతుందన్నట్టు బిగబట్టుకుని కూర్చున్నా. పక్క కుర్చీలో ఒక కుర్రాడు, ఇరవై ఉంటాయేమో, వాళ్ల నానమ్మ లోపలుంది. రెండో రాత్రి ఒంటిగంటప్పుడు, నా మొహం చూశాడో ఏమో, ఏమీ అడక్కుండా తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఒక చెవికి పియానో, ఇంకో చెవికి లోపల మెషీన్ల బీప్ బీప్. చాలా పొడుగైన, తొందర లేని పాట, దాని కింద నీళ్లు కదులుతున్నట్టు చిన్న చిన్న స్వరాలు ఆగకుండా పారుతున్నాయి. మధ్యలో ఒకచోట చీకటి కమ్ముతుంది, ఎడమచేతి అడుగున ఏదో ఉరుముతుంది, ఇంక ఇది ఇలాగే పోతుందేమో అనుకునేలోపు మళ్లీ ఆ పాటే వచ్చి పక్కన కూర్చుంటుంది. అప్పుడు ఏడ్చా. ఆ అబ్బాయి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు, అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

తెల్లారాక పేరడిగితే మందుల చీటీ వెనకాల రాసిచ్చాడు: షూబర్ట్, ఇంప్రామ్ట్యూ, ఓపస్ 90, మూడోది. ఇంప్రామ్ట్యూ అంటే అప్పటికప్పుడు తోచినట్టుండే చిన్న పియానో ముక్క. తర్వాత ఎప్పుడో చదివా, షూబర్ట్ దాన్ని 1827లో రాశాడు, ఆ తర్వాతి ఏడు నవంబర్‌లో ముప్పై ఒక్క ఏళ్లకే పోయాడు. పబ్లిషర్ ఆ ఓపస్‌లో మొదటి రెండే వేసి ఇది ఆపేశాడు, అచ్చులోకి వచ్చేసరికి 1857, అదీ వాయించడం కష్టమని శ్రుతి మార్చి వేశారు. రాసిన మనిషి దాన్ని అచ్చులో చూసుకోనేలేదు.

నాన్న ఇంటికొచ్చారు, ఆ తర్వాత ఆరేళ్లు ఉన్నారు. ఆ అబ్బాయి వాళ్ల నానమ్మకి ఏమైందో నాకు తెలీదు, మేం డిశ్చార్జ్ అయిన రోజు ఆ కుర్చీలో వేరేవాళ్లున్నారు. చీటీ నా దగ్గరే ఉంది, ఒకవైపు నాన్న మందులు, ఇంకోవైపు అతని చేతిరాత. మీరు దాంతోనే మొదలుపెట్టండి. ఆరు నిమిషాలు పడుతుంది.